తలుపులకి డబ్బులిచ్చి కేసుని గాలికొదిలేస్తే ఎలా?

2021 జనవరి 6న అమెరికా క్యాపిటల్ (పార్లమెంటు భవనం) మీద ట్రంప్ మద్దతుదారుల గుంపు పడితే మనం 7వ తేదీ పొద్దున్నే టీవీల ముందు కూర్చుని చూశాం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలు లేని వీధి బెజవాడ, గుంటూరుల్లో దొరకదు కదా, ఆ రోజంతా ఫోన్లే ఫోన్లు. ఏం జరిగిందో అందరికీ తెలిసిందే, నేను మాట్లాడేది దాని తర్వాత ఇచ్చిన డబ్బుల గురించి.

అదే ఏడాది మేలో 190 కోట్ల డాలర్ల సెక్యూరిటీ బిల్లు ప్రతినిధుల సభలో 213-212తో, అంటే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. జులై చివరికొచ్చేసరికి 210 కోట్ల డాలర్ల బిల్లు సెనేట్లో 98-0తో పాసయింది. నెలల తరబడి కాపలా కాసిన నేషనల్ గార్డ్‌కి 52 కోట్ల డాలర్ల దాకా బాకీ పడ్డారు, అది కట్టకపోతే ట్రైనింగులు ఆపేయాల్సొస్తుందన్నారు, అఫ్గానిస్తాన్‌లో తమకి పనిచేసినవాళ్లని తెచ్చుకునే ఖర్చు కూడా అందులోనే కలిపారు. తలుపులు, కిటికీలు, కెమెరాలకి 30 కోట్ల డాలర్లు. వీటికి డబ్బివ్వడం ఏ పార్టీకైనా తేలికే, ఎందుకంటే తలుపు ఎవరి పేరూ బయటపెట్టదు. కోర్టులో ప్రభుత్వం తరఫున కేసు నడిపే ప్రాసిక్యూటర్ పెడతాడు. అందుకే ప్రాసిక్యూషన్ అనగానే అందరికీ చెయ్యి వెనక్కి పోతుంది.

నా దృష్టిలో అసలు సెక్యూరిటీ ఆ ప్రాసిక్యూషనే. 140 మంది దాకా పోలీసులు దెబ్బలు తిన్న రోజది. ఎవడు ఎవర్ని కొట్టాడో వేల గంటల వీడియో జల్లెడపట్టి 1,500 మందికి పైగా కేసులు పెట్టారు, వెయ్యి మంది దాకా తప్పు ఒప్పుకున్నారు. అది లాయర్లూ అనలిస్టులూ ఏళ్ల తరబడి కూర్చుని చేసిన పని, జీతాలిస్తేనే జరిగే పని.

ఇదంతా కక్ష సాధింపు, చివరికి 2025 జనవరి 20న ట్రంప్ ఒక్క సంతకంతో క్షమాభిక్ష పెట్టేశాడుగా, ఆ ఖర్చంతా దండగే అంటారు కొందరు. నేనొప్పుకోను. క్షమాభిక్షతో శిక్ష పోతుంది గానీ కోర్టులో ప్రమాణం చేసి ఒప్పుకున్న మాట పోదు. ఇక కక్ష అంటారా, మన పార్లమెంటు మీద 2001 డిసెంబర్ 13న దాడి జరిగితే ఏడాది దాటగానే స్పెషల్ కోర్టు తీర్పిచ్చింది, ఆ తర్వాత హైకోర్టు ఇద్దర్ని నిర్దోషులని వదిలేసింది కూడా. గట్టిగా నడిపిన కేసులోనే అమాయకుడు కూడా బయటపడతాడు.

సరే, మన గుమ్మంలోకొద్దాం. 2024 మే 13, ఎన్నికల పోలింగ్ రోజు పల్నాడు గుర్తుందా? పాల్వాయి గేటు బూత్‌లో ఈవీఎం నేలకేసి కొట్టిన వీడియో దేశమంతా చూసింది. ఎస్పీని సస్పెండ్ చేశారు, సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేశారు, కౌంటింగ్ అయ్యాక కూడా 15 రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలు రాష్ట్రంలోనే ఉండాలని ఎన్నికల సంఘం చెప్పింది. బందోబస్తుకి డబ్బు రాత్రికి రాత్రే దొరుకుతుంది, మంచిదే, దొరకాలి కూడా. బలగాలు బస్సెక్కి వెళ్లిపోయాక మిగిలేది మాత్రం ఒక చార్జిషీటు, ఒక పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్), నలుగురు సాక్షులు.

ఆ సాక్షులెవరు? పోలింగ్ డ్యూటీ పడ్డ స్కూల్ టీచర్లు. స్కూలుకి సెలవు పెట్టుకుని కోర్టుకొస్తే వాయిదా, మళ్లీ వస్తే ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబు) రిపోర్టు రాలేదని ఇంకో వాయిదా, ఈలోపు ఊళ్లో పెద్దమనుషులు ఇంటికొచ్చి ఎందుకమ్మా నీకీ గొడవ అంటారు, మూడో ఏడాదికి ఆ టీచరు నాకు సరిగ్గా గుర్తులేదండి అంటుంది. ఆమెని నేను తప్పుపట్టను. ఆమె వెనక ప్రభుత్వం నిలబడలేదు, అంతే.

ఇక్కడ బెజవాడ సివిల్ కోర్టుల కాంప్లెక్సే చూడండి, 2013లో శంకుస్థాపన చేస్తే 2022 ఆగస్టులో ప్రారంభమైంది. న్యాయానికి మనమిచ్చే తొందర ఇదీ. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 20లో రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ పెట్టొచ్చు అని ఉంది, పెట్టి తీరాలి అని లేదు. పెట్టినా అందులో మనుషుల్నీ ఫోరెన్సిక్ ల్యాబునీ నింపేది బడ్జెట్టే. ఈసారి హోం శాఖ పద్దు మీద చర్చకొచ్చినప్పుడు మన ఎమ్మెల్యేల్లో ఒక్కరైనా లేచి, పోలీసు వాహనాలకెంత అని కాకుండా, ఎన్నికల కేసులు వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లకెంత, ఆ టీచరు ఇంటి ముందు కానిస్టేబుల్‌ని పెట్టడానికెంత అని అడగాలి.