ఆ రోజు లేవమన్నది నేనే

టీచర్లకు పీజీ స్థాయిలో సామాజిక న్యాయం మీద ప్రత్యేక చదువు ఉండాలని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో స్కాలర్‌షిప్ ఫారాలు వస్తే క్లాసులో "ఎస్సీ పిల్లలు లేవండి" అనేవాణ్ని. నా చిన్నప్పుడు మా మాస్టార్లూ అలాగే పిలిచేవారు, అందులో తప్పుందని తట్టలేదు. ఒకసారి ఏడో తరగతిలో ఒకమ్మాయి లేవలేదు. పేరు పెట్టి పిలిచాను. బల్ల అంచు గట్టిగా పట్టుకుని, తల వంచుకుని లేచింది. ఆ వేళ్లు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. ఆ తర్వాత టీచర్ల పీజీ కోర్సు ఎంఎడ్‌లో కులం, బడి గురించి చర్చ జరిగిన రోజు నాకు నోట మాట రాలేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. అది నేను చదివింది కూడా అప్పుడే.

టీచర్ల శిక్షణను చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్లయింది, 'జెండర్, స్కూల్ అండ్ సొసైటీ' లాంటి పేపర్లు వచ్చాయి. మంచిదే. కానీ గైడు బట్టీపట్టి పాసైపోతే ఏం లాభం? పీజీలో టీచరు తన క్లాసునే ఏడాదంతా గమనించి రాయాలి. గది ఊడ్చే పని ఎవరికి చెబుతున్నాం? మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరి పక్కన ఎవరూ కూర్చోవడం లేదు? పరిశోధన వ్యాసం (డిసర్టేషన్) అంటే అదీ.

ఇప్పుడు ఏ ఫారమైనా పిల్లలందరినీ ఒక్కొక్కరిగా నా టేబుల్ దగ్గరికి పిలిచి నింపిస్తున్నాను. రెండు పీరియడ్లు ఎక్కువ పడుతున్నాయి, అంతే.