కాగితం చేసిన నేరం, పాళీకి శిక్ష

ఫౌంటెన్ పెన్నుల లోకంలో ఘోరమైన అన్యాయం ఒకటి జరుగుతోంది, ఎవరూ నోరు విప్పడం లేదు కాబట్టి నేనే విప్పుతున్నా. అక్షరం అలుక్కుపోతే తప్పు పాళీది. గీత మధ్యలో తెగితే పాళీది. సిరా అవతలి పక్కకి దిగిపోయినా సరే, పాళీదే. ఏమీ ఎరగనట్టు తెల్లగా పడుకున్న కాగితాన్ని మాత్రం పల్లెత్తు మాట అనరు.

నేనూ ఆ పాపం చేసినవాడినే. నొక్కితే విచ్చుకునే ఫ్లెక్స్ పాళీ ఒకటి కొన్నాను. ఊరికే ఆనిస్తే వెంట్రుకంత గీత, కిందికి లాగుతూ నొక్కితే లావు గీత, అదీ దాని గొప్ప. ప్రింటర్ ట్రేలోంచి ఒక కాగితం లాగి ఎంతో శ్రద్ధగా నా పేరు రాశాను. నా పేరుకి జెర్రి కాళ్లు మొలిచాయి. వారం రోజులు ఆ పాళీని కడిగాను, ఆరబెట్టాను, భూతద్దం పెట్టి దాని చీలికలోకి తొంగి చూశాను, మూడు సిరాలు మార్చాను. కాగితం మార్చాలని మాత్రం తట్టలేదు. కాగితం మార్చడమేంటండీ, కాగితం కాగితమేగా!

చిన్న లెక్క వేద్దాం. పాళీ గీసే సన్నగీత 0.3 మిల్లీమీటర్లు, లావుగీత 1.2 అనుకోండి, ఒకటికి నాలుగు రెట్లు తేడా. పాడు కాగితం మీద రెండూ చెరో 0.4 పాకితే ఏమవుతుంది? సన్నది 0.7, లావుది 1.6. నాలుగు రెట్లు కాస్తా రెండు చిల్లర. మనం డబ్బు పోసి కొన్నదే ఆ తేడాని! మామూలు గుండ్రటి మొన పాళీకి పాకుడు చిన్న చికాకు, ఫ్లెక్సుకీ, మొన చదునుగా ఉండి అడ్డంగా సన్నగా, నిలువుగా లావుగా రాసే స్టబ్బుకీ ఇటాలిక్కుకీ అది ప్రాణాంతకం. పైగా ఫ్లెక్స్ నొక్కినప్పుడల్లా సిరా మామూలుకంటే ఎక్కువ పోస్తుంది, అంటే తన గొయ్యి తనే తవ్వుకుంటుంది పాపం.

జ్ఞానోదయం అయ్యాక నాకు మందం పిచ్చి పట్టింది. జీఎస్ఎం ఎంత, ఇంకా ఎక్కువ లేదా, ఇదే గోల. ఆ జీఎస్ఎం అనేది చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె, అంతకుమించి ఏమీ కాదు. 80 జీఎస్ఎం ఏ4 కాగితం ఒక్కోటి దాదాపు 5 గ్రాములు. దాన్ని చూసి కాగితం ఎంచుకోవడం పాత ఇనుము కొన్నట్టే. సిరా పీల్చే అద్దుడు కాగితం ఎంత మందంగా ఉంటుందో గుర్తుందా? దాని మీద ఒక చుక్క వేసి చూడండి, చెరువై కూర్చుంటుంది. అదే టోమోయె రివర్ అనే జపాన్ కాగితం 52 జీఎస్ఎం, ఉల్లిపొరలా ఉంటుంది, అవతలి పక్క రాత నీడలా కనబడుతుంది కూడా, అయినా సిరాని కిందికి దిగనివ్వదు.

అసలు సంగతంతా గంజిలో ఉంది. కాగితం అంటే పీచు. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఆ పోగుల సందుల్లోకి సిరా దానంతటదే పాకుతుంది. దాన్ని ఆపడానికి తయారీలో కొన్ని పదార్థాలు గుజ్జులో కలుపుతారు, పైన పిండిపదార్థం లాంటివి పూస్తారు. దీన్ని సైజింగ్ అంటారు. పూర్వం యూరప్‌లో అయితే తోళ్లూ ఎముకలూ ఉడికించిన జిగురులో ముంచేవారు. ఇంతటి ముఖ్యమైన విషయం నోట్‌బుక్ అట్ట మీద ఎక్కడా ఉండదు. అందుకే 80 జీఎస్ఎం రోడియా బ్రాండు నోట్‌బుక్ మీద సిరా బుద్ధిగా నిలబడుతుంది, అదే తూకం ఉన్న ప్రింటర్ కాగితం మీద వీధినపడుతుంది.

మంచి కాగితానికి పొగరు లేదనుకోకండి. సిరాని లోపలికి రానివ్వదు కాబట్టి అది పైనే తీరిగ్గా ఆరుతుంది. ఒకే గీతలో లేత ముదురు ఛాయల్ని షేడింగ్ అనీ, ఆరిన సిరా మీద మెరిసే వేరే రంగుని షీన్ అనీ మనం మురిసిపోయేది ఆ తీరుబడి వల్లే. లావుగీత ఆరేలోపు పేజీ తిప్పితే ఎదురు పేజీలో మీ కవిత్వం అద్దంలో ప్రత్యక్షమవుతుంది. ఎడమచేతివాటం వాళ్ల బాధ వాళ్లనే అడగాలి. ఇంకోటి, పేజీ అడుక్కి వచ్చేసరికి అరచేతి జిడ్డు అంటుకుని అక్కడ గీత తెగుతుంది, మళ్లీ పాళీనే తిడతాం.

కాబట్టి పరీక్షించేటప్పుడు మర్యాదలు పెట్టుకోకండి. బలంగా నొక్కి ఒక 'ఘ' రాయండి. కాసేపు చెయ్యి ఆనించిన చోట మళ్లీ రాయండి. తిప్పి వెనక చూడండి. వేలితో రుద్ది నునుపుగా ఉందని తల ఆడించడం పరీక్ష కాదు.

ఇంత విద్య సంపాదించి, నచ్చిన కాగితం వెతికి పట్టుకుని, మొన్న ఒక ఆఫీసులో సంతకం పెట్టడానికి వెళ్లాను. ఫారం చూడగానే గుర్తుపట్టాను, ప్రింటర్ ట్రే సంతానం. జేబులోంచి పెన్ను సగం తీసి మళ్లీ లోపల పెట్టేశాను. కౌంటరుకి దారంతో కట్టేసిన బాల్‌పెన్ను ఉంది. దాంతో పెట్టాను. ఒక్క పోగు కూడా పాకలేదు. చుట్టూ చూశాను, ఎవరూ గమనించలేదు.