సార్ వచ్చాకే సైరన్

ఇవాళ మా ఆఫీసు ఉన్న భవనంలో మాక్ డ్రిల్ పెట్టారు. అగ్నిప్రమాదం ఉదయం పదిన్నరకు జరగాలి. పదిన్నరకు ముఖ్య అతిథి రాలేదు కాబట్టి ప్రమాదాన్ని వాయిదా వేశారు. మెట్ల కింద పొగ డబ్బా పట్టుకుని ఒక కుర్రాడు, నుదుటికి కట్టు కట్టించుకుని స్ట్రెచర్ మీద పడుకున్న ఉత్తుత్తి క్షతగాత్రుడు, రోడ్డు మీద సగం ట్రాఫిక్ ఆపేసి నిలబడ్డ ఫైరింజన్, అందరూ సార్ కోసం ఎదురుచూపులు. సెక్యూరిటీ సూపర్‌వైజర్ సైరన్ మీట దగ్గర చెయ్యి పెట్టి, ఫోనులో "ఎక్కడిదాకా వచ్చారండీ?" అని అడుగుతున్నాడు. నిజంగా నిప్పంటుకున్నా ఈ భవనంలో ఇలాగే అడుగుతారేమో.

సార్ వచ్చారు. శాలువా కప్పారు. అప్పుడు సైరన్ మోగింది. అగ్నిమాపక శాఖ నుంచి వచ్చిన స్టేషన్ ఆఫీసర్, ఆ గుంపులో పని తెలిసిన ఏకైక మనిషి, "వెనక గేటు గుండా అసెంబ్లీ పాయింట్‌కి వెళ్లండి, ఎవరూ వెనక్కి రావద్దు" అని అరుస్తున్నాడు. ఈలోగా సార్ వెంట వచ్చినవాళ్లు మైకు అందుకున్నారు. "అందరూ ముందువైపు రండి, ఫోటో ఉంది!" జనం సగం అటు, సగం ఇటు. స్ట్రెచర్ మీద మనిషిని ఆంబులెన్సులో ఎక్కించేశారు గానీ, ఫోటోలో సార్ చెయ్యి సరిగ్గా పడలేదట, దింపి మళ్లీ ఎక్కించారు. ప్రాణాపాయంలో ఉన్న మనిషి తనే లేచి, తన స్ట్రెచర్ తనే సర్దుకున్నాడు!

నాకు ఒళ్లు మండి, నిర్వాహకుల్లో ఒకాయనను అడిగాను. "ఇక్కడ ఇన్సిడెంట్ కమాండర్, అంటే అందరికీ ఆదేశాలిచ్చే ఒక్క మనిషి, ఎవరండీ?" ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సార్ వచ్చారు కదండీ, ఇంక ఆయనే" అన్నాడు.

ఈ మాట మీదే నా కోపమంతా. డ్రిల్ పాడైతే పోయింది, ఎలాగూ సాయంత్రానికి వాట్సాప్‌లో "విజయవంతం" అని వచ్చేసింది. కానీ పెద్ద హోదా మనిషి వచ్చిన క్షణాన కమాండ్ ఆయనదైపోతుందని అందరూ అంత సహజంగా ఎలా నమ్ముతారు?

మన దగ్గర దీనికి పద్ధతి లేదా అంటే, ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ అని మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి, జిల్లాలో కలెక్టర్ బాధ్యులు. సంఘటన స్థలంలో ఇన్సిడెంట్ కమాండర్ ఒక్కరే. ఆయన పక్కన భద్రత చూసే అధికారి, ఇతర శాఖలతో మాట్లాడే అధికారి, పత్రికలతో, ప్రజలతో మాట్లాడే అధికారి. కింద మూడు విభాగాలు: రంగంలో పని చేసేవాళ్లు, ప్రణాళిక వేసేవాళ్లు, సరంజామా సమకూర్చేవాళ్లు. ప్రతి మనిషికీ పైన ఒకే ఒక్క అధికారి. ఒక అధికారి కింద నేరుగా ఐదుగురు, కొంచెం అటూ ఇటూ. అంతకంటే ఎక్కువైతే ఎవరు ఎక్కడున్నారో ఆయనకే తెలియదు. బయటి నుంచి వచ్చే బండ్లు, బలగాలు తిన్నగా మంటల దగ్గరికి పోకుండా, ఒక చోట ఆగి, పేరు రాయించుకుని, పిలిస్తేనే వెళ్లాలి. కమాండ్ చేతులు మారాలంటే, దిగిపోయే వ్యక్తి వచ్చే వ్యక్తికి పరిస్థితి వివరించి, మారిందని అందరికీ చెప్పాలి. కారు దిగి నల్ల కళ్లద్దాలు తీసినంత మాత్రాన కమాండ్ మారదు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చే విషయం, మనవాళ్లకు అస్సలు మింగుడుపడని విషయం, హోదాకూ బాధ్యతకూ ముడి లేకపోవడం. ఆ పనికి తగిన వ్యక్తి కమాండర్ అవుతాడు. ఆయనకంటే సీనియర్ అక్కడికి వచ్చినా, పద్ధతి ప్రకారం బాధ్యత తీసుకోనంతవరకు పక్కన నిలబడాల్సిందే. మన ఆఫీసుల్లో ఇది ఊహించండి. సీనియర్ గారు నిలబడి, జూనియర్ ఆజ్ఞ ఇవ్వడం! దానికంటే భవనం తగలబడిపోవడమే మేలనుకునే మహానుభావులు నాకు బాగా తెలుసు.

ఇదేమీ సరదాగా పుట్టిన పద్ధతి కూడా కాదు. 1970లో కాలిఫోర్నియాలో కార్చిచ్చులు వరసగా రేగితే, రకరకాల శాఖలు దిగాయి. ఒకరి రేడియో ఇంకొకరికి పట్టదు, ఒకరు వాడే మాట ఇంకొకరికి వేరే అర్థం, ఎవరి మాట ఎవరు వినాలో తెలియదు. పదహారు మంది చనిపోయాక, కూర్చుని ఆలోచించి ఈ కమాండ్ పద్ధతిని తయారుచేశారు. మనం దాన్ని తెచ్చుకుని, శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్లు పంచి, బీరువాలో పెట్టి తాళం వేశాం.

ప్రమాదకర రసాయనాల మీద 1989 నుంచి నిబంధనలున్నాయి. అలాంటి పెద్ద కర్మాగారాల్లో ఆరు నెలలకోసారి లోపల డ్రిల్, ఏడాదికోసారి బయటి ఊళ్లను కూడా కలిపి డ్రిల్ జరగాలి. విశాఖలో బతికేవాళ్లకు ఇది కాగితం మీద అక్షరాలు కాదు. 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీ పేలినప్పుడు ఊరంతా కమ్మిన పొగ సంగతి చెప్పని పెద్దవాళ్లు ఇక్కడ ఏ ఇంట్లో ఉన్నారు?

ఇక 2020 మే 7. తెల్లవారుజామున మూడు గంటల వేళ విశాఖలోని ఎల్జీ పాలిమర్స్ ప్లాస్టిక్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చింది. లాక్‌డౌన్ రోజులు, జనమంతా ఇళ్లలో నిద్రలో ఉన్నారు. సైరన్ మోగలేదు. తర్వాత ప్రభుత్వం వేసిన కమిటీ కూడా ఆ మాటే చెప్పింది. మనుషులు పరుగెడుతూ రోడ్డు మీదే కూలిపోయారు. పన్నెండు మంది పోయారు. ముందు వెళ్లింది చుట్టుపక్కల కుర్రాళ్లు, పోలీసు కానిస్టేబుళ్లు. సరైన మాస్కులు లేకుండా తలుపులు బద్దలుకొట్టి మనుషులను మోసుకొచ్చారు. వాళ్లలోనూ కొందరు పడిపోయారు. భద్రత చూసే అధికారి అనే కుర్చీ ఒకటి ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమైందా? రక్షించేవాడు రెండో బాధితుడు కాకుండా చూడటం ఆయన పని, ప్రమాదం కనిపిస్తే పని ఆపించే అధికారం ఆయనకు ఉంటుంది. మన డ్రిల్స్‌లో ఆ అధికారం ఫోటోగ్రాఫరుకు ఇచ్చాం.

సైరన్ రాలేదు గానీ, కోటి రూపాయల పరిహారం ప్రకటన మాత్రం ఆ రోజే వచ్చింది. బాధితులకు ఇవ్వడం తప్పని అనను, ఇంకా ఇవ్వాలి. మనకు డబ్బు ప్రకటించే యంత్రాంగం ఎంత చురుకైనదో, సైరన్ నొక్కే యంత్రాంగం ఎంత మొద్దుదో చూడండి అంటున్నాను, అంతే.

నాకు ఆ తెల్లవారుజామున జరిగినదానికంటే అదే రోజు రాత్రి జరిగినది ఎక్కువ కోపం తెప్పిస్తుంది. అర్ధరాత్రి వేళ మళ్లీ లీకవుతోందని వార్త. ఒక అధికారి మళ్లీ లీకవుతోంది, ఐదు కిలోమీటర్ల దాకా ఖాళీ చేయిస్తున్నాం అన్నారు. ఇంకొకరు అబ్బే, రెండు కిలోమీటర్లు చాలు అన్నారు. కంపెనీవాళ్లు కేవలం ముందుజాగ్రత్త అన్నారు. జనం ఎవరి మాట వినాలి? ఎవరి మాటా వినలేదు. పిల్లలను, ముసలివాళ్లను బండ్ల మీద ఎక్కించుకుని, అడవివరం వైపో, పెందుర్తి వైపో, ఎటు దారి ఉంటే అటు పడి పోయారు. ఆ రాత్రి రోడ్ల మీద ఉన్నవాళ్లకు తెలుసు నేనేం చెబుతున్నానో. ప్రజలతో మాట్లాడటానికి ఒకే నోరు ఉండాలని మార్గదర్శకాల్లో రాసింది ఇందుకే. ఐదో రెండో, ఆ అంకె ఒక్క నోటి నుంచి రావాలి.

(పక్కమాట. 2025లో దేశమంతా పౌర రక్షణ మాక్ డ్రిల్ చేశారు గుర్తుందా? అది మే 7నే. విశాఖలో కూడా సైరన్లు మోగాయి. సరిగ్గా ఐదేళ్లు ఆలస్యంగా.)

"మన దేశమే ఇంత" అని నిట్టూర్చే విదేశీ బంధువులు నాకూ ఉన్నారు. ఆగండి. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో బాంబు పేలితే, అక్కడి ఫైర్ సర్వీసు సంఘటన స్థలానికి చేరడానికి రెండు గంటలు దాటింది. దారి తెలియక కాదు, బండ్లు లేక కాదు. పోలీసు డ్యూటీ అధికారి ఒక్కడి మీదే అన్ని బాధ్యతలూ పడి ఫోన్లు అందలేదు. ఆయన ప్రకటించిన ఉగ్రదాడి ప్రణాళిక సంగతి మిగతా శాఖలకు చేరలేదు. ఫైర్ అధికారులు ప్రమాదమేమోనని దూరపు స్టేషన్‌లో కూర్చున్నారు. కమాండర్లందరూ ఒక చోట నిలబడి ముఖాముఖి మాట్లాడుకోవాలని వాళ్ల పుస్తకంలో మొదటి సూత్రం. ఆ రాత్రి అదే జరగలేదు. ఇరవై రెండు మంది చనిపోయారు, సాయం త్వరగా అందితే వాళ్లలో ఒకరు బహుశా బతికేవారని విచారణ తేల్చింది. కాకపోతే వాళ్లు ఏ నిమిషానికి ఎవరు ఎవరికి ఫోను చేశారో బహిరంగంగా విచారించి, సంపుటాలు అచ్చువేసి, అధికారుల పొరపాట్లను పేరుపేరునా రాశారు.

మన దగ్గర? 2015 జులై 14, రాజమండ్రి గోదావరి పుష్కరాలు. ప్రముఖుల కోసం సరస్వతి ఘాట్ వేరుగా ఉంది. ముఖ్యమంత్రి కుటుంబం స్నానం మాత్రం జనం వచ్చే పుష్కర ఘాట్‌లో. జనం బయట ఆగారు. గేట్లు తీశాక జరిగిన తొక్కిసలాటలో ఇరవై ఏడు మంది పోయారు. విచారణ కమిషన్ వేశారు. మీడియా ప్రచారమూ, ముహూర్తం మీద జనానికున్న నమ్మకమూ కారణమని తేలింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం! ముహూర్తానికి జనం వస్తారని తెలియకపోతే పుష్కరాలకు ఏర్పాట్లు దేనికి చేసినట్టు? ఆ గేటు ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో చెప్పే ఒక్క మనిషి ఎవరు? ఆయన మూయమంటే పైవాళ్లు కూడా ఆగాల్సిన అధికారం ఆయనకు ఉందా? నాకు కావాల్సింది ఈ ఒక్క జవాబు. పదేళ్లు దాటింది, ఇంకా అడుగుతూనే ఉన్నాను.

చూశారా, మాక్ డ్రిల్ గురించి మొదలుపెట్టి ప్రముఖుల రాకల, పరామర్శల దగ్గరికి వచ్చేశాను. నా అసలు కడుపుమంట అక్కడే ఉంది కాబట్టి వచ్చాను. మన దగ్గర ప్రమాదం జరిగిన గంటలోపు ఫైరింజన్ రావొచ్చు, రాకపోవచ్చు, కాన్వాయ్ మాత్రం వస్తుంది. కాన్వాయ్ వస్తే రోడ్డు ఆపాలి. రోడ్డు ఆపడానికి పోలీసులు కావాలి. ఆ పోలీసులు అప్పటిదాకా జనాన్ని వెనక్కి నెడుతున్నవాళ్లు. కలెక్టర్ కంట్రోల్ రూమ్ వదిలి స్వాగతానికి వెళ్లాలి. ఆస్పత్రిలో డాక్టర్లు రోగి మంచం వదిలి వరసలో నిలబడాలి. కాలిన ఒంటితో పడి ఉన్న మనిషి పక్కకు ముప్పై మంది బూట్లతో వెళ్తారు, వెనక కెమెరాలు. ఇన్ఫెక్షన్ గురించి అక్కడ మాట్లాడే ధైర్యం ఏ డ్యూటీ డాక్టరుకుంది? పాలక పక్షం వెళ్లాక ప్రతిపక్షం వస్తుంది, ఆ తర్వాత ఇంకో పార్టీ. రోగి ఒక్కడే, ఓదార్చేవాళ్లు మూడు విడతలు.

2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు ఎన్ని బలగాలు దిగాయో గుర్తుందా? సైన్యం, నౌకాదళం, జాతీయ విపత్తు స్పందన దళం ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి, హైదరాబాద్ విపత్తు సంస్థ హైడ్రా, సన్నని దారులు చేత్తో తవ్వే ర్యాట్ హోల్ మైనర్లు. ఇన్ని చేతులను ఒక్క ప్రణాళిక కింద నడపడమే పెద్ద పని. అందులో మళ్లీ రోజూ ప్రముఖుల సందర్శనలు, సమీక్షలు, ప్రెస్ మీట్లు. సమీక్ష అంటే ఏమిటో తెలుసా? పని చేస్తున్న అధికారిని పని దగ్గర నుంచి లేపి, పని ఎందుకు కావడం లేదని అడగడం.

మనవాళ్లకు చేతకాదని మాత్రం ఎవరూ అనొద్దు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 చూడండి. ఫోను ఎత్తినవారు అడుగుతారు, దగ్గర్లో ఉన్న బండిని పంపుతారు, బండిలో ఉన్న టెక్నీషియన్ తన పని చేసుకుంటాడు. ఏ నాయకుడూ వచ్చి ఆ స్టీరింగు పట్టుకోడు. అందుకే నడుస్తోంది, దేశంలో ఎన్నో రాష్ట్రాలు తీసుకున్నాయి.

ఇక కింద కామెంట్లలో "2014లో హుద్‌హుద్ తుఫాను అప్పుడు ముఖ్యమంత్రి విశాఖలోనే బస్సులో మకాం పెట్టలేదా?" అని రాయబోతున్నవారికి: పెట్టారు, కలెక్టరేట్‌లో. డబ్బు విడుదల చేయించడానికి, పక్క రాష్ట్రాల నుంచి కరెంటు సిబ్బందిని రప్పించడానికి, శాఖల మధ్య పంచాయతీ తేల్చడానికి పెద్దవాళ్లు కావాలి. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఆ పని చేస్తే దండం పెడతాను. మంటల దగ్గర, శిథిలాల దగ్గర, బర్న్స్ వార్డులో వారికి పని లేదు. "వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదంటారు, వెళ్తే ఎందుకు వెళ్లారంటారు" అని వాదించేవారికి కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను. నేను రెండోదే అంటున్నాను, ఎందుకు వెళ్లారు అనే. మీ నాయకుడు, మా నాయకుడు అని తేడా లేదు. పార్టీ జెండా గుర్తులు పెట్టి తిట్టేవాళ్లను బ్లాక్ చేస్తాను, ఆ పనికి నాకు ముఖ్య అతిథి అక్కర్లేదు.