మాది మగదండీ, మాకేం టెన్షన్!

మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయనకో లాబ్రడార్ ఉంది. పేరు సీజర్, బరువు 32 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. ఎందుకు చేయించలేదని ఎవరైనా అడిగితే జవాబు నాలుక చివరే ఉంటుంది: "మాది మగదండీ. మాకేం టెన్షన్?"

ఈ వాక్యాన్ని నేను చాలాకాలంగా అధ్యయనం చేస్తున్నాను. పెళ్లిచూపుల్లో మగపెళ్లివారు కాలు మీద కాలేసుకుని కూర్చునే భంగిమ ఉంది ఇందులో. తర్కం కూడా దిట్టంగానే ఉంది. పిల్లల్ని కనేది ఆడది, మనది మగది, కాబట్టి మనింట్లో పిల్లలు పుట్టవు. కాశీ పండితులు దిగివచ్చినా దీన్ని ఖండించలేరు.

కాకపోతే చిన్న లెక్క. ఆడకుక్క సుమారు ఆరు నెలలకోసారి ఎదకొస్తుంది, ఆ వ్యవహారం రెండు మూడు వారాలు. అంటే ఏడాదిలో నాలుగు నుంచి ఆరు వారాలు కాపలా కాస్తే చాలు. మగకుక్కకి అలాంటి సెలవుల పట్టిక లేదు, 365 రోజులూ డ్యూటీయే. ఏడాది నిండకముందే తండ్రి కాగలదు. వావివరసలు బొత్తిగా లేవు. రెండు వీధుల అవతల నుంచి వాసన తగిలిందంటే అన్నం మానేసి, రాత్రంతా తలుపు గీకుతూ ఏడుస్తుంది. ఈ లెక్కన టెన్షన్ ఎవరికుండాలి?

మా సెల్లార్‌లో లచ్చి అని ఒక వీధికుక్క. వాచ్‌మన్ భార్య ఇంత అన్నం పెడితే తిని, గేటు దగ్గర పడుకునేది. పోయిన అక్టోబరు, చిత్తకార్తె రోజులు. ఆ కార్తెనీ కుక్కల్నీ కలిపి మన పెద్దలు సామెతలు ఊరికే చెప్పలేదు. అయితే సామెతలు వీధికుక్కలకే గానీ జాతి పేపర్లున్న కుక్కలకి వర్తించవని నాలుగో అంతస్తు నమ్మకం.

ఆదివారం పొద్దున, రెండో అంతస్తులో సత్యనారాయణ వ్రతం. పట్టుచీరలు కార్లలోంచి దిగుతున్నాయి. మనవారు సీజర్‌ని "కాస్త గాలికి" గొలుసు లేకుండా కిందికి తెచ్చి, ఫోన్‌లో ఎవరికో షేర్ల గురించి సలహా చెబుతున్నారు. సలహా పూర్తయ్యేసరికి ఇక్కడ కూడా పూర్తయింది. ముఖద్వారం దగ్గర, సరిగ్గా అరటిపిలకలు కట్టినచోట, రెండు కుక్కలూ తోకకి తోక ఆనించి, చెరో దిక్కూ చూస్తూ నిలబడ్డాయి.

కుక్కల్లో ఇది మామూలే. ఐదు నిమిషాల నుంచి అరగంట దాకా అలా అతుక్కునే ఉంటాయి. లాగితే రెండిటికీ గాయాలవుతాయి, వాటంతటవి విడిపోవాల్సిందే. ఈ ముక్క చెబుతూనే ఉన్నాను, వినేదెవరు? సెక్రటరీగారు "నీళ్లు, నీళ్లు!" అని అరిచారు. ఒకాయన కారు కడిగే బకెట్ ఎత్తి కుమ్మరిస్తే సగం పురోహితుడిగారి పంచె మీద పడ్డాయి. ఒక పిల్లవాడు "అమ్మా, ఆ కుక్కకి రెండు తలలెందుకున్నాయి?" అనడిగాడు. వాళ్లమ్మ వాడి కళ్లు మూసి, తను మాత్రం చూసింది. పురోహితుడిగారు పంచె పిండుకుంటూ "త్వరగా కానివ్వండి, ముహూర్తం దాటిపోతోంది" అన్నారు. ఎవరిని ఉద్దేశించి అన్నారో నాకిప్పటికీ తెలియదు.

మొత్తం 22 నిమిషాలు. అంతసేపూ మన పెద్దమనిషి లిఫ్ట్ పక్కన నిలబడి ఒకటే మాట: "అదే వచ్చిందండీ. మావాడు వెళ్లలేదు."

అది "అది". సీజర్ "మావాడు".

కుక్కకి గర్భం సుమారు 63 రోజులు. చిత్తకార్తె నుంచి లెక్కపెడితే తిన్నగా ధనుర్మాసం చలిలో తేలతాం. లచ్చి జనరేటర్ వెనక ఏడు పిల్లల్ని పెట్టింది. నాలుగిటికి వేలాడే చెవులు, మొద్దు మూతి, సీజర్ రంగు. నాలుగో అంతస్తు ప్రూఫ్ అడిగింది. "ఒకే ఈతలో పిల్లలకి వేరువేరు తండ్రులుండొచ్చట, తెలుసా?" నిజమే, ఉండొచ్చు. కుక్కల గురించి ఈయన కష్టపడి తెలుసుకున్న శాస్త్రం ఇదొక్కటే.

మొదటి వారం చలికి రెండు పోయాయి. ఒకటి కారు చక్రం కింద పడింది. రెండో నెలలో పార్వో అనే వైరస్ జబ్బు వచ్చి, రక్తం విరేచనమై ఇంకో మూడు. వాచ్‌మన్ భార్య రాత్రుళ్లు కూర్చుని దూదితో నీళ్లు పట్టింది. డాక్టరుకీ మందులకీ ఆమె జీతంలోంచే. పొద్దున్నే చచ్చిన పిల్లని గోనెసంచిలో చుట్టి తీసుకెళ్లింది ఆమె మొగుడు. నువ్వు ఒక్కరోజు కిందికి దిగి చూశావా? పాలపాకెట్టు ఒక్కటి కొనిచ్చావా? ఆపరేషన్ ఒక్క పూట పని. అది ఇష్టం లేకపోతే గొలుసుంది, గడియ ఉంది, నీకు రెండు చేతులున్నాయి. పెంపుడు జంతువుకి ఆపరేషన్ బాధ్యత యజమానిదేనని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లోనే ఉంది. మగకుక్క యజమానికి మినహాయింపని అందులో ఎక్కడ రాసుందో చూపించు!

సరే, మళ్లీ "మీరు"లోకి వద్దాం. ఆపరేషన్ మాటెత్తితే ఆయన కాళ్లు రెండూ దగ్గరికి జరిపి, "పాపం, మగపుట్టుక కదండీ" అంటారు. ఆపరేషన్ ఆయనకనుకుంటున్నారేమో నాకు తెలియదు. చేయించినా కొన్ని వారాలపాటు సీజర్‌కి పాత సరుకు మిగిలే ఉంటుంది, కాపలా తప్పదని చెబుదామనుకుని, ఆ ముఖం చూసి ఆగిపోయాను. ఈమధ్య ఆన్‌లైన్‌లో కుక్కల డైపర్ తెప్పించారు. సీజర్ దాన్ని నాలుగు నిమిషాల్లో విప్పుకుంది.

బతికిన ఒక్క పిల్లనీ వాచ్‌మన్ వాళ్లే పెంచుకుంటున్నారు. లచ్చికి ఆపరేషన్ అయింది, అయిన గుర్తుగా చెవికి గాటు పడింది. గొడవ సద్దుమణిగిందనుకుంటే, నిన్న రాత్రి పెద్దమనిషి మా బెల్లు కొట్టారు. మూడో అంతస్తులో కొత్తగా దిగినవాళ్లకి ఆడ బీగిల్ ఉందట, ఎదకొచ్చిందట, వారంగా మావాడికి నిద్ర లేదట.

"మీకు పరిచయమే కదా, ఆడదాన్ని కాస్త లోపల పెట్టుకోమని చెప్పండి" అన్నారు. లిఫ్ట్ దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చారు.

"ఇంతకీ దానికి పేపర్లున్నాయా అండీ?"