ముప్ఫై ఏడు ఏ తరగతి లెక్క?

మా మేనల్లుడిది రెండో తరగతి. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి దగ్గర ఓ ఊళ్లో వాళ్ల నాన్నమ్మకు చిన్న కిరాణా కొట్టు ఉంది. బడి నుంచి రాగానే గల్లాపెట్టె దగ్గర కూర్చునేది వాడే. అరవై మూడు రూపాయల సరుకు కొని వంద నోటు ఇచ్చామనుకోండి, ముప్ఫై ఏడు రూపాయలు చేతిలో పెడతాడు. వేళ్లు కూడా ముడవడు. అలాంటివాడి ప్రోగ్రెస్ కార్డులో మొన్న ‘లెక్కలు: తరగతి స్థాయికి తక్కువ’ అని రాసి పంపించారు.

ఏం జరిగిందని అడిగితే నోట్సు తెచ్చి చూపించాడు. టీచరు ఒడియాలో ‘సఇఁతిరిశి’ చెప్పారు, వాడు 73 రాశాడు. ఎర్ర సిరాతో ఇంటూ పడింది. ‘‘సఇఁ అంటే ఏడే కదా మావయ్యా, తిరిశి అంటే ముప్ఫై. ముందు ఏడన్నారు, అందుకే ఏడు ముందేశాను’’ అన్నాడు. వాడి తర్కంలో ఎక్కడా పొరపాటు లేదు. తెలుగులో పదుల మాట ముందొస్తుంది, ఒకట్ల మాట తర్వాతొస్తుంది, అంకెలు కూడా అదే వరుసలో పడతాయి. చెవికి వినబడిన వరుసలో చెయ్యి రాసుకుంటూ పోతుంది. ఒడియాలో ఒకట్లు ముందు పలికి, పదులు తర్వాత పలుకుతారు. ఈ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

మూడో తరగతికల్లా పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ గురించి మొదటినుంచీ చెప్పుకురానక్కర్లేదు. 2021 జులైలో మొదలైంది, గడువు 2026-27. ఒకటో తరగతికి 99 వరకు అంకెలు, రెండుకి 999, మూడుకి 9999. చదవడంలో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60. బళ్లలో గోడల మీద రంగుల్లో కనిపించే పట్టిక ఇదే. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024లో చూస్తే, దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 27.1 శాతమే అని తేలింది కాబట్టి, ఇలాంటి మెట్లు కట్టడం అవసరమే. మెట్లతో నాకు తగువు లేదు. అవి ఎవరి అంగ కొలిచి కట్టారన్నదే నా ప్రశ్న. సరిహద్దు జిల్లాల్లో తెలుగు పిల్లవాడు ‘వెనకబడ్డాడు’ అని రాస్తున్నప్పుడు చాలాసార్లు మనం కొలుస్తున్నది వాడి తెలివిని కాదు, వాడి ఇంటికీ బడికీ మధ్య ఉన్న దూరాన్ని.

లెక్కల సంగతే తీసుకుందాం. లెక్కకు భాష లేదంటారు కదా, అక్కడే అసలు మోసం ఉంది.

తెలుగులో పంతొమ్మిది దాటేదాకా కాస్త తిప్పలు. పదకొండు, పన్నెండు కంఠతా పట్టాల్సిందే. ఇరవై దాటాక దారి తిన్నగా పోతుంది. ఇరవై రెండు, ముప్ఫై రెండు, నలభై రెండు... పదుల పేర్లు తెలిస్తే తొంభై తొమ్మిది దాకా పిల్లవాడు తనే అల్లుకుపోతాడు. ఒడియాలో అదే రెండుతో ముగిసే అంకెలు వినండి: బాఇశి, బతిశి, బయాళిశి, బాఉన, బాషఠి, బాస్తరి. ఒక్కొక్కటీ ఒక్కో మాట, ఒక్కొక్కటిగానే నోటికి రావాలి. ఇంకో మెలిక కూడా ఉంది. 29ని ‘అణతిరిశి’ అంటారు, ముప్ఫైకి ఒకటి తక్కువ అన్నట్టు. ‘తిరిశి’ వినబడగానే 3 వేసే పిల్లవాడు తప్పు చేసినట్టే లెక్క.

ఒడియా ఇంట్లో పుట్టిన పిల్లకు ఇది కష్టం కాదు. ఆరేళ్లపాటు బజారులో, అమ్మ ఒళ్లో, అన్నల ఆటల్లో ఆ పేర్లు చెవిన పడుతూనే ఉంటాయి. బడి చెయ్యాల్సిందల్లా ఆ పేరు పక్కన అంకె చూపించడం. తెలుగు పిల్లకు అదే ఏడాదిలో పేరూ కొత్త, వరుసా కొత్త, అంకె కూడా కొత్తే. ఇద్దరికీ గోడ మీద ఉన్న గీత మాత్రం ఒకటే, ‘99 వరకు’.

మహారాష్ట్ర సరిహద్దులో సిరొంచ, దెగ్లూర్, ధర్మాబాద్ వైపు తెలుగు ఇళ్ల పిల్లలకు మరాఠీలో ఇదే గొడవ. 37 అంటే సదతీస్. 29 అంటే ఏకోణతీస్. ఇందులో చిక్కు ఉందని మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతికి కూడా తెలుసు. 2019లో రెండో తరగతి లెక్కల పుస్తకంలో ‘ఏకవీస్’తో పాటు ‘వీస్ ఏక్’ అనే పద్ధతి కూడా పెట్టింది, అచ్చం మన ఇరవై ఒకటిలా. దక్షిణాది భాషల్లో లెక్క అలాగే నడుస్తుందని దాన్ని సమర్థించినవాళ్లు చెప్పారు. ఇంకేం, భాషను చంపేస్తున్నారని గోల మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి ఇంటిపేరు ఫడ్ణవీస్‌లోని ‘వీస్’ మీద శాసనసభలో జోకులు పేలాయి. ఆ జోకులు బాగానే ఉన్నాయి, నేనూ నవ్వాను. కానీ మరాఠీ ఇంటి పిల్లలకే బరువని పుస్తకం రాసినవాళ్లు ఒప్పుకున్న లెక్క, సిరొంచలో ప్రాణహిత ఒడ్డున తెలుగు మాట్లాడే పిల్లకు ఎంత బరువో ఆ నవ్వుల్లో ఎవరికీ గుర్తు రాలేదు.

చైనా, జపాన్, కొరియా పిల్లలకు పదులూ ఒకట్ల స్థానాలు తొందరగా పట్టుబడతాయనీ, వాళ్ల భాషల్లో అంకెల పేర్లు తిన్నగా ఉండటం దానికి ఒక కారణమనీ పరిశోధకులు 1980ల నుంచీ రాస్తున్నారు. ఇంట్లో చదివించే తీరు లాంటి కారణాలు కూడా ఉంటాయని వాదించేవాళ్లు ఉన్నారు, ఉండనివ్వండి. అలాంటి తిన్నని లెక్క తెలుగు పిల్లవాడికి పుట్టుకతో వచ్చిన ఆస్తి. బడి గుమ్మంలో దాన్ని చెప్పులతో పాటు విడిచి రమ్మంటున్నాం. నన్ను మండించేది ఇదే.

చదవడం దగ్గరకు వస్తే ఇంకో రకం ఇబ్బంది. ఒడియాలో ‘గా’ అంటే పాడు, ‘ఘా’ అంటే పుండు, ముక్కుతో ‘గాఁ’ అంటే ఊరు. ఒత్తు పలకని, ముక్కుతో పలకని తెలుగు ఇంటి చెవికి మూడూ ఒకటే. డిక్టేషన్‌లో వాడు పాడమన్నచోట పుండు రాస్తే నవ్వుతారు. మరి వాడి చెవికి ఉన్న వేరే పదును సంగతేంటి? మెడ వేరు, మేడ వేరు, కొన వేరు, కోన వేరు అని తెలుగు పిల్ల రెండేళ్లకే పసిగడుతుంది. ఒడియా లిపిలో ఎ-ఏలకు, ఒ-ఓలకు వేరువేరు అక్షరాలే లేవు. ఆ పదునుకి అక్కడ మార్కులెక్కడివి?

నిమిషానికి ఇన్ని మాటలు అనే కొలతది మరీ విచిత్రం. ‘మై ఘర్ సే ఆ రహా హూఁ’ అంటే హిందీలో ఆరు మాటలు. ‘ఇంటినుంచి వస్తున్నాను’ అంటే తెలుగులో రెండు. ఒకే సంగతి చెప్పిన ఇద్దరు పిల్లల్లో ఒకడు మూడింతలు వేగంగా చదివినట్టు తేలుతుంది. ఢిల్లీకి ఇది తెలియదని కాదు. 2022లో జరిపిన మౌలిక అభ్యసన సర్వేలో 20 భాషలకు విడివిడిగా కొలతలు పెట్టారు. అయినా గోడల మీద పట్టికలో మాత్రం ఇంకా ఆ ఒక్క అంకే కనిపిస్తోంది.

దీనికి ఎదురు వాదన ఉంది, దానికి బలం కూడా ఉంది. ఒడిశాలో బతకాలంటే ఒడియా రావాలి, మహారాష్ట్రలో మరాఠీ రావాలి. చిన్నప్పుడు ఎంత తొందరగా మొదలుపెడితే అంత తేలిగ్గా పట్టుబడుతుంది. పైగా తెలుగు మీడియంలో చదివి హైస్కూలు తర్వాత ఎక్కడికెళ్లాలి? ఈ టెన్షన్‌తోనే మా వాళ్లు చాలామంది పిల్లల్ని తెలుగు బడి మాన్పించారు, వాళ్లను తప్పుపట్టలేను. ఒడియా వద్దని నేను ఎక్కడా అనలేదు. మొదటి రోజు నుంచీ ఆటలో, పాటలో, కథలో ఒడియా ఉండాలి. కానీ లెక్క అంటే ఏంటో, అక్షరానికి శబ్దానికి చుట్టరికం ఏంటో తెలుసుకునే మొదటి రెండేళ్లు తెలిసిన భాషలో గడవాలి. పెద్ద పుణ్యకార్యమేమీ కాదిది. చాలా ఊళ్లలో టీచర్లకు తెలుగు వచ్చు, సంతలో తెలుగులోనే బేరమాడతారు. ‘ముప్ఫై ఏడు, అంటే సఇఁతిరిశి, ఇక్కడ ఏడు ముందు పలుకుతాం, రాసేటప్పుడు మూడు ముందు రాస్తాం’ అని చెప్పడానికి అర నిమిషం చాలు.

చట్టాలకేం కొదవలేదు. 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చుని, తరగతిలో పదిమంది గానీ బడి మొత్తమ్మీద నలభై మంది గానీ వేరే మాతృభాష పిల్లలుంటే ఆ భాష టీచర్ని ఇవ్వాలన్నారు. 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది, ప్రాథమిక తరగతుల్లో మాతృభాషలో బోధనకు వీలు కల్పించాలని. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన అంటుంది. 2020 జాతీయ విద్యావిధానం వీలున్నచోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాష అంటుంది. ఇన్ని కాగితాలున్నా గోడ మీద ఒక్క గీత మారలేదు.

ఇక్కడిదాకా చదివి తలూపుతున్న తెలుగు పాఠకులకు ఒక మాట. పర్లాకిమిడి ఉన్న ఇదే గజపతి జిల్లాలో సవర గిరిజన పిల్లవాడున్నాడు. సవర లెక్క పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తుంది. పదమూడు అంటే పన్నెండు ఒకటి. మా మేనల్లుడి ముప్ఫై ఏడు ఆ పిల్లవాడికి ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒక అయిదు. అది వెనకబడ్డ లెక్క అనుకుంటే పొరపాటు. డజన్ల లెక్కన గుడ్లు కొనే మనం అసలే అనకూడదు. ఒకే జిల్లాలో ముగ్గురు పిల్లలు ఒకే అంకెను మూడు దారుల్లో కడుతున్నారు. వాళ్లకు మనం చూపిస్తున్న మెట్లు మాత్రం ఒకటే రకం.

ఈ సంగతి నూరేళ్ల కిందటే పట్టించుకున్న మనిషి పర్లాకిమిడిలోనే ఉండేవారు. ఏటా ఆగస్టు 29న మనం దండలేసే గిడుగు రామమూర్తి ఇక్కడ రాజావారి బడిలో 1880లో పంతులుగా చేరారు. వాడుక భాష కోసం పోరాడటానికి ముందే సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు, బడులు పెట్టారు. నా లెక్క ప్రకారం ఆయన అసలు సిద్ధాంతం అక్కడే పుట్టింది. పిల్లవాడి నోట్లో ఉన్న మాట దగ్గరే చదువు మొదలవ్వాలి, ఆ నోరు ఎవరిదైనా సరే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిశాక ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మనం కూడా ఆయన్ని సగమే గుర్తుంచుకున్నాం. మన సభల్లో గిడుగు తెలుగువాడిగా కనబడతారు, సవర వాచకాలు రాసిన గిడుగు కనబడరు.

ఒడిశా ప్రభుత్వానికి ఇక్కడ మెచ్చుకోలు బాకీ ఉంది. 2007 ప్రాంతంలో బహుభాషా విద్య మొదలుపెట్టి ఇప్పటికి 21 గిరిజన భాషల్లో పిల్లల పుస్తకాలు తెచ్చింది, వాటిలో సవర కూడా ఉంది. ఆంధ్రలోనూ అలాంటి ప్రయత్నం జరిగింది. మరి సరిహద్దు తెలుగువాళ్ల సమావేశాల్లో మన పిల్లలకు తెలుగు టీచర్లు కావాలని అరిచే మనం, కొండ మీద సవర పిల్లకు తెలుగులో ‘తరగతి స్థాయి’ పరీక్ష పెట్టడం గురించి ఎప్పుడైనా మాట్లాడామా? కొటియా ఊళ్లే చూడండి. కొరాపుట్ సరిహద్దులో ఆ ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా కొట్లాడుకుంటున్నాయి. ఒకరు ఒడియా బోర్డు పెడతారు, ఇంకొకరు తెలుగు బోర్డు పెడతారు. ఆ ఇళ్లలో పిల్లలు మాట్లాడుకునేది ఎక్కువగా కువి అనే గిరిజన భాష.

సవర పిల్లకు దక్కిన ఆ పుస్తకం పాటి ఏర్పాటు కూడా తెలుగు పిల్లకు లేదన్నది వేరే చిక్కు. ఒడిశాలో తెలుగు గిరిజన భాష కాదు, రాష్ట్ర భాషా కాదు. ఒక పక్క పెద్ద భాష, ఇంకో పక్క పరాయి భాష. పథకం రాసే బల్ల మీద దానికి గడే ఉండదు.

గడి అంటే గుర్తొచ్చింది. మేనల్లుణ్ని ఒకటో తరగతిలో చేర్చిన రోజు నేనే వెంట వెళ్లాను. దరఖాస్తులో ‘మాతృభాష’ అన్నచోట ఆఫీసులో ముందే పెన్నుతో ‘ఒడియా’ అని నింపేసి ఉంది, బొత్తిలో ఉన్న అన్ని దరఖాస్తుల్లోనూ. మరి పదిమంది ఎలా తేలతారు, నలభై మంది ఎలా తేలతారు? కొట్టేసి తెలుగు అని రాశాను. గుమాస్తా కాగితం అందుకుని ఒకసారి చూసి, ‘‘ఇలా కొట్టేస్తే కంప్యూటర్లో ఎక్కదండీ, ఇంకోటి రాసియ్యండి’’ అన్నాడు. తెలుగులోనే అన్నాడు.