నాటకం అయ్యాక ఆ స్క్రిప్టు ఎక్కడ పెట్టారు?

కాలేజీ నాటకాల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు మీసాల నాగమ్మ కథ ఎత్తుకుంటారు. బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ గారు తెలుగు చెప్పే రోజుల్లో ఎన్టీఆర్ నాగమ్మ వేషం కట్టారు, మీసం తీయనన్నారు, ఆ పేరు నిలిచిపోయింది. మంచి ముచ్చటే. కానీ మన విద్యార్థి నాటక చరిత్ర దాదాపు అంతా ఇలాంటి ముచ్చట్లుగానే మిగిలింది. తక్కిన వేషాలు ఎవరు వేశారు, వేదిక ఎంత వెడల్పు, నాటకం ఎన్ని నిమిషాలు ఆడింది అన్నవి ముచ్చట్లలో ఉండవు. రేపు నాటకం వేయబోయే పిల్లలకు పనికొచ్చేవి అవే.

అసలు ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన మొదలైందే విద్యార్థులతో. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన శిష్యుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. ఇవాళ ఆ సంగతి ఇంత ధీమాగా చెప్పగలుగుతున్నామంటే ఆయన రాసిపెట్టారు, అచ్చువేశారు కాబట్టే. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం సంగతి చూడండి. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరిన చిన్న సంస్థ అది. అక్కడ రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి గారు నాటకాన్ని భుజాన వేసుకున్నారు. ఎక్స్‌పెరిమెంటల్ థియేటర్ పెట్టారు, కాలేజీల మధ్య నాటక పోటీలు నడిపారు. రిజిస్ట్రారంటే కాగితం విలువ తెలిసిన మనిషి. ఇప్పుడు చాలా క్యాంపస్‌లలో షీల్డులు అద్దాల బీరువాలో భద్రంగా ఉంటాయి, ఆ షీల్డు తెచ్చిన స్క్రిప్టు మాత్రం ఉండదు.

చిన్న యూనివర్సిటీలో దీనివల్ల జరిగే నష్టం పెద్దది. పీజీ అంటే రెండేళ్లు. మొదటి ఏడాది కుర్చీలు మోసిన కుర్రాడు రెండో ఏడాది డైరెక్టరు, మూడో ఏడాది ఊళ్లోనే ఉండడు. వాడు నేర్చుకున్నదంతా వాడితోనే పోతుంది. కొత్త బ్యాచ్ అదే గోతిలో మళ్లీ పడుతుంది.

కరెంటు సంగతే తీసుకోండి. గోడకుండే 15 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర 3,450 వాట్లకు మించి మోయదు. వెయ్యి వాట్ల హాలోజెన్లు మూడు పెట్టొచ్చు. పిల్లలు ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి నాలుగోది కూడా గుచ్చుతారు. వెంటనే ఏమీ కాదు, మోసం అక్కడే ఉంది. ప్లగ్గు పిన్నులు మెల్లగా వేడెక్కుతాయి, అసలు సీను నడుస్తుండగా సాకెట్ కాలుతుంది, లేదా ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్చి, పడిపోతుంది. ఆంప్లిఫయరూ ఆ లైను మీదే ఉంటే మైకులు కూడా పోతాయి. ఏ సాకెట్ ఏ లైనుదో, దాని ఎంసీబీ ఎక్కడుందో ఒక్క కాగితం మీద రాసి ఉంటే ఏటేటా ఈ గండం ఉండదు.

అందుకే ప్రాంప్ట్ కాపీ కావాలి, అంటే డైలాగుల పక్కనే కదలికలు, లైటు, సౌండు గుర్తులన్నీ రాసుకున్న పుస్తకం. స్క్రిప్టు జిరాక్సు దాని పని చేయదు. ఏ4 కాగితానికి ఒకవైపే డైలాగులు ప్రింటు తీయించండి, పుస్తకం తెరిస్తే ఎదుటి పేజీ ఖాళీగా రావాలి. ఎవరు ఏ వింగ్ (వేదిక పక్క తెర) నుంచి వచ్చారు, ఏ మాట మీద లేచారు, ఎటు నడిచారు అన్నది ఆ ఖాళీ పేజీలో పెన్సిలుతో రాయాలి. పెన్ను వద్దు, ఎందుకంటే బ్లాకింగ్, అంటే ఈ నటుల కదలికల ఏర్పాటు, పదిసార్లు మారుతుంది. లైటు మార్పులకు 1, 2, 3 అనీ, సౌండుకు అ, ఆ, ఇ అనీ గుర్తులు పెట్టుకోండి. రెండింటికీ అంకెలే వాడితే చీకట్లో ‘ఏడు’ అన్న కేక విని లైటు కుర్రాడూ సౌండు కుర్రాడూ ఇద్దరూ కదులుతారు. ఫోను మోగాల్సిన చోట స్టేజీ ఆరిపోతుంది.

వేదిక ప్లాను కూడా అందులోనే ఉండాలి. అడుగుకు పావు అంగుళం లెక్కన గీస్తే 30 అడుగుల వేదిక ఏడున్నర అంగుళాలు వస్తుంది, ఏ4 వెడల్పులో పడుతుంది. అర అంగుళం లెక్కన గీస్తే ఏ3 కావాలి, అది మడతల దగ్గర చిరుగుతుంది.

రన్‌త్రూ చేసిన ప్రతిసారీ, అంటే నాటకం మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా ఆడి చూసుకున్నప్పుడల్లా, ఒక్కో సీనుకు పట్టిన నిమిషాలు తేదీతో రాయండి. అంతర్ విశ్వవిద్యాలయ యువజనోత్సవాల్లో నాటికకు 30 నిమిషాలు, సెట్టు వేసి తీయడానికి 10 నిమిషాలు. రిహార్సల్లో 29 నిమిషాలు వచ్చిందని సంబరపడితే అంతే సంగతులు. హాల్లో జనం నవ్వుతారు, చప్పట్లు కొడతారు, నటుడు ఆగాలి. రిహార్సల్లో 26కి దించితే గానీ నమ్మకం లేదు. ఎక్కడ సాగిందో ఆ కాగితమే చెబుతుంది. సాధారణంగా ఏడుపు సీన్లోనే!

వీడియో ఉందిగా అంటారు. ఫోను వెనక వరసలో పెట్టి ఆటో మోడ్‌లో వదిలేస్తే స్పాట్‌లైటు పడగానే ముఖాలు తెల్లగా మాడిపోతాయి, మాటల బదులు ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, మాటల కోసం ఇంకో ఫోను వేదిక అంచున పెట్టండి. ఆ ఫైలు వాట్సాప్ గ్రూపులో పడేస్తే నాణ్యత పోతుంది. స్టూడెంట్ మెయిల్ మీద ఉన్న డ్రైవ్‌లో పెడితే కోర్సు అయ్యాక మెయిలుతో పాటు అదీ మూతపడొచ్చు. డిపార్ట్‌మెంట్ పేరు మీద ఖాతా ఉండాలి.

కాగితం మాత్రం లైబ్రరీకే చేరాలి, అక్సెషన్ నంబరు (లైబ్రరీ రిజిస్టరులో ఎక్కే వరస నంబరు) పడాలి. నంబరు లేనిది బీరువాలు సర్దిన రోజున పాత పేపర్లతో కలిసి వెళ్లిపోతుంది. ఇది కొత్త ఆలోచనేం కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేసిన అబ్బూరి రామకృష్ణారావు గారు స్వయంగా నాటక ప్రయోక్త. పుస్తకాల గదికీ రంగస్థలానికీ మధ్య గోడ మనం కట్టుకున్నదే. విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో స్టేప్లర్ పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి, దారంతో కుట్టించండి. సెలోటేపు అంటించకండి, పసుపుపచ్చ మరక మిగిల్చి ఊడిపోతుంది.

ఇంకొక్కటి, ఆహ్వాన పత్రిక. ‘ఆదివారం, 14వ తేదీ, సాయంత్రం 6 గంటలకు’ అని ఉంటుంది, ముఖ్య అతిథి బిరుదులన్నీ ఉంటాయి, సంవత్సరం ఉండదు. తర్వాత ఆ కార్డు దొరికినా ఏ ఏటిదో తేల్చలేం. సంవత్సరం వేయండి. లైటు కుర్రాడి పేరూ, ప్రాంప్టర్ పేరూ కూడా వేయండి. ఇంట్లో పాత కార్డులు, గ్రూపు ఫొటోలు ఉన్నవాళ్లు ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో ఎడమ నుంచి కుడికి పేర్లు రాసి మీ కాలేజీ లైబ్రరీకి ఇవ్వండి. లామినేషన్ మాత్రం చేయించకండి, అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడి రాదు.