మమ్మల్ని కూడా బీరు కింద రాసుకోండి

నీళ్లు కుదరకపోతే బీరు పాడవుతుందట. ఇంత ఘోరం ప్రపంచంలో జరుగుతుంటే మనం తిని కూర్చున్నాం. బెంగళూరులో బీరు కాచే చోట పనిచేస్తున్న మా మేనల్లుడు సంక్రాంతికి కనిగిరి వచ్చి మా కళ్లు తెరిపించి పోయాడు.

ఇంగ్లండులో బర్టన్ అని ఒక ఊరుంది. అక్కడి బావుల్లో జిప్సం ఎక్కువ. దాంట్లోని సల్ఫేటు వల్ల, బీరులో వేసే హాప్స్ అనే పూల చేదు పదునుగా తెలుస్తుంది. చెక్ దేశంలోని పిల్సెన్ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. 1842లో లేతరంగు లాగర్ బీరు పుట్టింది ఆ నీళ్లతోనే. ఇప్పుడు ఏ ఊరి బీరు కావాలంటే ఆ ఊరి నీళ్లు తయారుచేసుకుంటారు. ఆర్వో పెట్టి ఉన్న లవణాలన్నీ తీసేస్తారు. తర్వాత జిప్సం, కాల్షియం క్లోరైడు, ఎప్సమ్ సాల్టు తూచి మళ్లీ కలుపుతారు. శనక్కాయ చేలో బస్తాలకు బస్తాలు చల్లే జిప్సాన్ని మావాడు పుస్తెలు తూచే కంసాలిలా ఊపిరి బిగబట్టి తూచి చూపించాడు. తీసిందే మళ్లీ వేయడం ఏందిరా అంటే, "అది వాటర్ ప్రొఫైల్ మామా" అన్నాడు.

అంతటితో ఆగాడా! అరిసెల పళ్లెం పక్కకు నెట్టి, ఫోన్లో లెక్క తెరిచి, మా బోరు నీళ్లకు జాతకం వేయడానికి కూర్చున్నాడు. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడు, సల్ఫేటు, బైకార్బొనేటు. మొత్తం ఆరు గళ్లు. మా అమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చి, "ఫ్లోరిన్ ఏ గడిలో రాస్తావు నాయనా?" అని అడిగింది.

"దానికి గడి లేదు అమ్మమ్మా. దానికి రుచి ఉండదు."

నిజమే, రుచి ఉండదు. అందుకే కదా తాగాం! ఫ్లోరిన్ నీళ్లు తాగి ఎముకలు బిగిసిపోయే ఈ జబ్బు గురించి వైద్యులు 1937లోనే రాశారు, అదీ అప్పటి నెల్లూరు జిల్లా గురించి. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు అందులోనే ఉండేవి. 1970లో జిల్లా మార్చారు. నీళ్లు మార్చారా? లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని కాగితం మీద ఉంది. కాచి తాగుదామంటే నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కొలత ప్రకారం కలిపి దాన్ని తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అదీ తక్కెడ పనే! చేదు కుదరాలని గ్రాములు లెక్కపెట్టే బుర్రలున్నాయి గానీ, మా వీధి ట్యాంకు దగ్గర పటిక తూచే మనిషి లేడు. డబ్బులున్నవాడు ప్లాంటు టిన్ను కొనుక్కుంటాడు. లేనివాడి మోకాళ్లు ఎవడికి కావాలి?

కాబట్టి ప్రభుత్వానికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను: మమ్మల్ని కూడా బీరు కింద రాసుకోండి. ఎక్సైజు ఆదాయం వస్తుందంటే నీళ్ల పరీక్ష ఆగమేఘాల మీద జరుగుతుంది. దరఖాస్తు ఫారం ఎక్కడ ఇస్తారో చెబితే, మొదట మా అమ్మ పేరు రాయిస్తాను.